వీధికి అటు బీమా, ఇటు బిల్లు: టెక్సాస్ ఆరోగ్య విధానం లెక్క

అమెరికాలో టెక్సర్కానా అనే ఊరుంది. సగం టెక్సాస్‌లో, సగం ఆర్కన్సాలో. రెండు రాష్ట్రాల సరిహద్దు ఊరి నడిబొడ్డు నుంచే పోతుంది. ఆ రోడ్డు పేరే స్టేట్‌లైన్ అవెన్యూ. పోస్టాఫీసు భవనం కూడా సగం ఇటు, సగం అటు. రోడ్డుకు తూర్పున ఆర్కన్సా వైపు ఉంటూ, హోటల్లో పనిచేసి ఏడాదికి 12 వేల డాలర్లు తెచ్చుకునే ఒంటరి మనిషికి ప్రభుత్వ ఆరోగ్య బీమా ‘మెడికెయిడ్’ వస్తుంది. అదే మనిషి రోడ్డు దాటి పడమర వైపు ఇల్లు అద్దెకు తీసుకుంటే ఆ బీమా రాదు. జీతం అదే, షుగర్ అదే, బీపీ అదే. మారింది రాష్ట్రం ఒక్కటే.

టెక్సాస్ పేద రాష్ట్రమేం కాదు. చమురు, కంప్యూటర్ చిప్‌లు, విమాన సంస్థలు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు అన్నీ అక్కడున్నాయి. హ్యూస్టన్‌లోని టెక్సాస్ మెడికల్ సెంటర్ ప్రపంచంలోనే అతిపెద్ద వైద్య సముదాయం. క్యాన్సర్ చికిత్సకు పేరుమోసిన ఎండీ ఆండర్సన్ ఆసుపత్రి ఉన్నది అందులోనే. హైదరాబాద్ నుంచి, గల్ఫ్ నుంచి కూడా డబ్బున్నవాళ్లు వైద్యానికి అక్కడికి వెళ్తుంటారు. అలాంటి రాష్ట్రంలోనే ఆరోగ్య బీమా లేనివాళ్లు దేశంలో అందరికంటే ఎక్కువ. 2023 జనగణన సర్వే ప్రకారం టెక్సాస్ జనాభాలో 16.4 శాతం మందికి, అంటే సుమారు 50 లక్షల మందికి ఎలాంటి బీమా లేదు. దేశం మొత్తం మీద ఆ లెక్క 8 శాతం. బీమా లేని పిల్లల విషయంలోనూ టెక్సాస్‌దే మొదటి స్థానం.

డాక్టర్లు లేక కాదు, మందులు లేక కాదు. లోపలికి ఎవరిని రానివ్వాలో తేల్చే నిబంధన దగ్గరే ఉంది చిక్కంతా.

2010 మార్చిలో ఒబామా సంతకం చేసిన ఆరోగ్య చట్టం ప్రకారం, పేదరిక రేఖకు 138 శాతం లోపు ఆదాయం ఉన్న పెద్దలందరికీ మెడికెయిడ్ ఇవ్వాలి. 2012 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది కానీ, మెడికెయిడ్ విస్తరణను మాత్రం రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. విస్తరిస్తే ఖర్చులో 90 శాతం కేంద్రమే భరిస్తుంది. ఇప్పటికి 40 రాష్ట్రాలు ఒప్పుకున్నాయి. పది రాష్ట్రాలు ఒప్పుకోలేదు. వాటిలో పెద్దది టెక్సాస్. దాని నాలుగు పొరుగు రాష్ట్రాలు న్యూ మెక్సికో, ఓక్లహోమా, ఆర్కన్సా, లూసియానా. నాలుగూ విస్తరించాయి. అందులో మూడు రిపబ్లికన్ పార్టీకి గట్టి పట్టున్న రాష్ట్రాలే.

ఇప్పుడు టెక్సాస్‌లో మెడికెయిడ్ ఎవరికొస్తుంది? పిల్లలకు, గర్భిణులకు, వికలాంగులకు, పేద వృద్ధులకు వస్తుంది. పిల్లలున్న తల్లిదండ్రులకూ వస్తుంది కానీ, ముగ్గురున్న కుటుంబం ఏడాది ఆదాయం సుమారు 4 వేల డాలర్లు దాటకూడదు. నెలకు 330 డాలర్లన్నమాట. డల్లాస్‌లో ఆ డబ్బుతో ఒక గది అద్దె కూడా రాదు. పిల్లలు లేని, వైకల్యం లేని పెద్దలకైతే ఎంత పేదలైనా సరే, అసలే రాదు.

అసలు మెలిక ఇక్కడుంది. మార్కెట్‌ప్లేస్‌లో ప్రైవేటు బీమా కొనుక్కోవడానికి కేంద్రం ఇచ్చే సబ్సిడీ పేదరిక రేఖ దాటినవాళ్లకే. ముగ్గురి కుటుంబానికి 2025 లెక్కలో ఆ రేఖ 26,650 డాలర్లు. అంటే 4 వేలకూ 26 వేలకూ మధ్య సంపాదించే తల్లికి మెడికెయిడ్ రాదు, ఎక్కువ సంపాదించారంటారు. సబ్సిడీ రాదు, తక్కువ సంపాదించారంటారు. చట్టం రాసినవాళ్లు ఈ మధ్య మనుషులందరికీ మెడికెయిడ్ వస్తుందనుకున్నారు, అందుకే సబ్సిడీ రాయలేదు. ఈ సందులో పడ్డవాళ్లు టెక్సాస్‌లో సుమారు 6 లక్షల మంది ఉంటారని అంచనా. దేశంలో ఇలా ఇరుక్కున్నవాళ్లలో పెద్ద వాటా ఇదే.

కాదన్నవాళ్ల వాదన

ముందు రిక్ పెర్రీ, తర్వాత గ్రెగ్ అబ్బాట్. ఇద్దరు గవర్నర్లూ విస్తరణ వద్దన్నారు. వాళ్ల వాదనలో పస లేదని కొట్టిపారేయలేం. మెడికెయిడ్ ఇచ్చే ఫీజు తక్కువ కాబట్టి చాలామంది డాక్టర్లు ఆ కార్డు చూడగానే కొత్త పేషెంట్లను తీసుకోమంటారు. అది నిజం. కేంద్రం ఈరోజు 90 శాతం ఇస్తానంటుంది, రేపు చేతులెత్తేస్తే ఆ భారం రాష్ట్రం మీద పడుతుంది కదా అంటారు. 2025 జులైలో ట్రంప్ సంతకం చేసిన భారీ బడ్జెట్ చట్టం మెడికెయిడ్‌కు పెద్ద కోతే పెట్టింది. కాబట్టి ఆ భయమూ ఉత్తదేం కాదు.

కానీ ఆ వాదన నిలవాలంటే టెక్సాస్ ఆ ఖర్చు నుంచి నిజంగా తప్పించుకుని ఉండాలి. తప్పించుకోలేదు. ముందు గుమ్మంలో వద్దన్న డబ్బును దొడ్డిదారిన అడుగుతూనే ఉంది. 2011 నుంచి ‘1115 వేవర్’ అనే ప్రత్యేక ఒప్పందం కింద, బీమా లేనివాళ్లకు చికిత్స చేసి నష్టపోయే ఆసుపత్రులకు వేల కోట్ల రూపాయలకు సమానమైన కేంద్ర నిధులు వస్తున్నాయి. ఆ ఒప్పందం 2030 దాకా ఉంది. జబ్బు ముదిరి ఆసుపత్రికి చేరాక బిల్లులో కొంత కట్టడానికి కేంద్ర నిధులు కావాలి, ముదరకముందే బీమా ఇవ్వడానికి మాత్రం అక్కర్లేదు. ఈ తేడాకు రాజకీయ కారణం దొరుకుతుంది గానీ వైద్య కారణం దొరకదు.

రెండో దారి ఇంటి పన్ను. డల్లాస్‌లో పార్క్‌లాండ్, హ్యూస్టన్‌లో హ్యారిస్ హెల్త్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రులకు కౌంటీ ఆస్తి పన్ను ఒక ముఖ్య ఆధారం. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ వైపు ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు ఏటా పన్ను కాగితంలో చూసే వరుసల్లో ఆసుపత్రి జిల్లా వరుస కూడా కొన్ని కౌంటీల్లో కనిపిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం కాదన్న ఖర్చును కౌంటీ జనం కడుతున్నారు.

మరి జనమే ఓటేసి మార్చుకోవచ్చుగా? ఓక్లహోమా, మిస్సోరీ, ఐడహో, యూటా, నెబ్రాస్కా, సౌత్ డకోటా ప్రజలు అదే చేశారు. సంతకాలు సేకరించి, ప్రజాభిప్రాయ ఓటింగ్ పెట్టి, తమ నాయకులు వద్దన్నదాన్ని గెలిపించుకున్నారు. టెక్సాస్ రాజ్యాంగంలో ఆ వెసులుబాటు లేదు. పౌరులు సంతకాలతో చట్టాన్ని ఓటుకు తేలేరు. శాసనసభ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరాల్లో, 140 రోజులు కూర్చుంటుంది. అంతే.

ఊళ్లలో కాన్పుల గదులు

2010 తర్వాత మూతపడ్డ గ్రామీణ ఆసుపత్రులు టెక్సాస్‌లో 20కి పైనే. దేశంలో అందరికంటే ఎక్కువ. ఆసుపత్రి మూసేముందు సాధారణంగా మొదట మూసేది కాన్పుల వార్డు. రాష్ట్రంలోని 254 కౌంటీల్లో దాదాపు సగంలో కాన్పు చేసే ఆసుపత్రి గానీ డాక్టర్ గానీ లేరు.

రాష్ట్రం ఏమీ చేయలేదనడం కూడా సరికాదు. కాన్పు తర్వాత బాలింతకు మెడికెయిడ్ రెండు నెలలకే ఆగిపోయేది. 2023లో శాసనసభ దాన్ని 12 నెలలకు పెంచింది. 2024 మార్చి నుంచి అమల్లో ఉంది. బాలింత మరణాల్లో చాలా భాగం కాన్పు రోజున కాకుండా తర్వాతి వారాల్లో, నెలల్లో జరుగుతాయి కాబట్టి ఇది చిన్న మార్పేం కాదు. రెండు పార్టీలూ కలిసి చేశాయి. 2022 నుంచి అమల్లో ఉన్న గర్భస్రావ నిషేధం వల్ల, కడుపు పోయే ప్రమాదంలో ఉన్న స్త్రీకి ఎప్పుడు చికిత్స మొదలుపెట్టాలో తేల్చుకోలేక డాక్టర్లు జంకిన సందర్భాలొచ్చాయి. తల్లి ప్రాణం కాపాడటంలో డాక్టర్లకు స్పష్టత ఇవ్వాలంటూ 2025లో మరో చట్టం చేయాల్సి వచ్చింది.

ఇంకో చేత్తో తీసేసింది కూడా చెప్పుకోవాలి. కోవిడ్ కాలంలో మెడికెయిడ్ నుంచి ఎవర్నీ తీసేయొద్దని కేంద్రం ఆంక్ష పెట్టింది. 2023లో అది పోగానే టెక్సాస్ 20 లక్షల మందికి పైగా జనాన్ని జాబితాలోంచి తొలగించింది. ఆదాయం పెరిగిందని తేలి పోయినవాళ్లు తక్కువ. ఫారం సమయానికి రాలేదు, చిరునామా మారింది, కాగితం జతపరచలేదు, ఇలాంటి కారణాలతో పోయినవాళ్లే ఎక్కువ. రేషన్ కార్డు కోసం మీసేవ చుట్టూ తిరిగినవాళ్లకు ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

తట్టు తిరిగొచ్చింది

2025 జనవరి చివర్లో పశ్చిమ టెక్సాస్‌లోని గెయిన్స్ కౌంటీలో పిల్లలకు తట్టు సోకడం మొదలైంది. అమెరికా 2000లోనే నిర్మూలించామని ప్రకటించుకున్న జబ్బు ఇది. ఆగస్టు 18న అది ముగిసిందని రాష్ట్ర ఆరోగ్యశాఖ ప్రకటించేనాటికి 762 కేసులు. అందులో మూడింట రెండొంతులకు పైగా పిల్లలే. ఆసుపత్రిలో చేరినవాళ్లు దాదాపు వంద మంది. బడికి వెళ్లే వయసు పిల్లలు ఇద్దరు చనిపోయారు. ఇద్దరికీ అంతకుముందు ఏ జబ్బూ లేదు. ఇద్దరికీ టీకా పడలేదు. ఫిబ్రవరిలో పోయిన మొదటి ప్రాణం, అమెరికాలో పదేళ్లలో తట్టుకు పోయిన మొదటి ప్రాణం.

గెయిన్స్ కౌంటీలో మెనోనైట్ అనే క్రైస్తవ సమాజం ఎక్కువ. వాళ్ల మతంలో టీకా నిషేధం లేదు. అలవాటు లేకపోవడం, ప్రభుత్వం మీద నమ్మకం లేకపోవడం, దగ్గర్లో ఆసుపత్రి లేకపోవడం, ఒకరిని చూసి ఒకరు మానుకోవడం, అన్నీ కలిశాయి. ఆ కౌంటీ బడుల్లో ఏదో ఒక టీకాకు మినహాయింపు రాయించుకున్న పిల్లలు దాదాపు 18 శాతం. తట్టు ఊళ్లో పాకకుండా ఉండాలంటే నూటికి 95 మందికి టీకా పడాలి.

టెక్సాస్ 2003 నుంచే ‘మనస్సాక్షి’ కారణంగా బడి టీకాలకు మినహాయింపు ఇస్తోంది. అయితే ఆ ఫారం కోసం రాష్ట్ర ఆరోగ్యశాఖకు రాసి, పోస్టులో తెప్పించుకోవాల్సి వచ్చేది. ఇద్దరు పిల్లలు పోయిన అదే ఏడాది, 2025 సెప్టెంబర్ 1 నుంచి, ఆ ఫారాన్ని ఇంట్లో కూర్చుని డౌన్‌లోడ్ చేసుకోవచ్చని కొత్త చట్టం వచ్చింది. మరోపక్క కేంద్రం కోవిడ్ కాలపు నిధులను హఠాత్తుగా వెనక్కి తీసుకోవడంతో డల్లాస్ కౌంటీ ఆ వసంతంలో 50కి పైగా టీకా శిబిరాలు రద్దు చేసుకుంది. పశ్చిమాన తట్టు పాకుతున్న రోజులవి.

కేంద్ర ఆరోగ్య మంత్రి రాబర్ట్ ఎఫ్. కెనడీ జూనియర్ మొదట్లో విటమిన్ ‘ఎ’, కాడ్ లివర్ ఆయిల్ గురించి ఎక్కువ మాట్లాడారు. లబక్‌లోని పిల్లల ఆసుపత్రికి వచ్చిన తట్టు పేషెంట్లలో కొందరికి విటమిన్ ‘ఎ’ ఎక్కువై కాలేయం దెబ్బతిన్న లక్షణాలు కనిపించాయని డాక్టర్లు చెప్పారు. రెండో బిడ్డ అంత్యక్రియలకు ఏప్రిల్‌లో ఆ ఊరికి వెళ్లినప్పుడు గానీ, తట్టును ఆపడానికి టీకాయే అన్నిటికంటే బాగా పనిచేస్తుందని ఆయన స్పష్టంగా చెప్పలేదు.

ఈ కథ మెనోనైట్లది, మనకేమిటి అనుకోవడానికి లేదు. తట్టు టీకాలో పంది జెలటిన్ ఉందన్న మాట ముస్లిం కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్లుగా తిరుగుతూనే ఉంది. అమెరికాలో ఎక్కువగా వేసే ఎంఎంఆర్ టీకాలో జెలటిన్ ఉన్న మాట నిజమే. కానీ 1995లో కువైట్‌కు చెందిన ఇస్లామిక్ ఆర్గనైజేషన్ ఫర్ మెడికల్ సైన్సెస్ ఏర్పాటు చేసిన సదస్సులో వందమందికి పైగా ఉలమా, నిపుణులు దీన్ని చర్చించారు. రసాయనికంగా పూర్తిగా మారిపోయిన జెలటిన్ పవిత్రమే, వాడవచ్చు అని తేల్చారు. అరబీలో దీన్నే ఇస్తిహాలా అంటారు. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రాంతీయ కార్యాలయం ఆ నిర్ణయాన్ని లేఖ రూపంలో అందరికీ పంపింది. అయినా మనసు ఒప్పుకోనివాళ్లకు ఇంకో దారి ఉంది. జెలటిన్ లేని ‘ప్రయారిక్స్’ అనే టీకాకు 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. డాక్టర్‌ను పేరు పెట్టి అడగొచ్చు. ఉమ్రాకు వెళ్లేముందు మెనింజైటిస్ టీకా వేయించుకోవడానికి ఎవరూ వెనకాడరు, వీసాకు తప్పదు కాబట్టి. అదే ఇంట్లో బడికెళ్లే పిల్లాడి టీకా దగ్గర మినహాయింపు ఫారం వెతికితే ఎలా?

హైదరాబాద్, గుంటూరు, కర్నూలు నుంచి పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇంకో చిక్కుంది. మన ప్రభుత్వ పట్టికలో ఎంఆర్ టీకా మొదటి డోసు 9 నుంచి 12 నెలల మధ్య వేస్తారు. అందులో గవదబిళ్లల టీకా ఉండదు. టెక్సాస్ బడులకు ఎంఎంఆర్ రెండు డోసులు కావాలి, మొదటిది మొదటి పుట్టినరోజు నాడో ఆ తర్వాతో వేసి ఉండాలి. ఇక్కడి కార్డు నిండా టిక్కులున్నా అక్కడ అవి లెక్కలోకి రాకపోవచ్చు. మళ్లీ వేయించడం వల్ల పిల్లలకు నష్టమేం లేదు.

అమ్మీ, అబ్బా అమెరికా వచ్చాక

హెచ్1బీ ఉద్యోగులకు కంపెనీ బీమా ఉంటుంది కాబట్టి ఈ గొడవంతా వాళ్లకు దూరంగానే కనిపిస్తుంది. కంపెనీ ఉద్యోగం లేనివాళ్ల సంగతి వేరు. పెట్రోల్ బంకుల్లో, కిరాణా షాపుల్లో పనిచేసేవాళ్లు, ఉబర్ నడిపేవాళ్లు, సొంత చిన్న వ్యాపారమున్నవాళ్లు మార్కెట్‌ప్లేస్ బీమా మీదే ఆధారపడ్డారు. 2021లో సబ్సిడీ పెంచడంతో టెక్సాస్‌లో ఆ బీమా తీసుకున్నవాళ్లు 2020లోని 11 లక్షల నుంచి 2025కు దాదాపు 40 లక్షలయ్యారు. మెడికెయిడ్ విస్తరించకపోయినా బీమా లేనివాళ్ల శాతం కొంచెమైనా తగ్గిందంటే ఇదొక ముఖ్య కారణం. ఆ పెంచిన సబ్సిడీ 2025 డిసెంబర్ 31తో ముగిసింది. పేదరిక రేఖకు నాలుగు రెట్లు దాటితే, అంటే నలుగురి కుటుంబానికి 1,28,600 డాలర్లు దాటితే, ఇప్పుడు సబ్సిడీ సున్నా. ఆ గీతకు ఒక్క డాలర్ పైన ఉన్నా అంతే.

అందరికంటే ఎక్కువ దెబ్బ తగిలేది గ్రీన్ కార్డు మీద కొత్తగా వచ్చిన వృద్ధ తల్లిదండ్రులకు. 65 దాటినా అయిదేళ్లు వరుసగా నివసిస్తే తప్ప మెడికేర్ కొనుక్కోలేరు. కొన్నా, అమెరికాలో పనిచేసిన చరిత్ర లేనివాళ్లు ఆసుపత్రి భాగానికే 2025లో నెలకు 518 డాలర్లు కట్టాలి, డాక్టర్ భాగానికి మరో 185. మెడికెయిడ్‌కూ సాధారణంగా కనీసం అయిదేళ్లు ఆగాలి. ఆ అయిదేళ్లూ వాళ్లను నిలబెట్టింది ఒక ప్రత్యేక వెసులుబాటు. వలస హోదా వల్ల మెడికెయిడ్ రాని చట్టబద్ధ నివాసులకు, ఆదాయం పేదరిక రేఖకు దిగువన ఉన్నా మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ ఇచ్చేవారు. 2025 చట్టం దాన్ని తీసేసింది. 2026 జనవరి 1 నుంచి ఆ దారి మూసుకుపోయింది. హెచ్1బీ వంటి తాత్కాలిక వీసాల వాళ్లు, శరణార్థులు, ఆశ్రయం పొందినవాళ్లు 2027 జనవరి నుంచి ఆదాయం ఎంతైనా సబ్సిడీకి అనర్హులు.

ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చే పెద్దవాళ్లకైతే మొదటి నుంచీ మార్కెట్‌ప్లేస్ లేదు. విజిటర్ ఇన్సూరెన్స్ ఉంటుంది. కానీ పాత జబ్బులను చాలా పాలసీలు కవర్ చేయవు, చేసినా హఠాత్తుగా ముదిరినప్పుడే, అదీ షరతులతో. డెబ్బై ఏళ్లకు షుగర్, బీపీ లేనివాళ్లు మనలో ఎంతమంది? దక్షిణాసియా వాళ్లకు తక్కువ బరువులోనే షుగర్ వస్తుంది కాబట్టి, అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆసియా మూలాలవాళ్లను బీఎంఐ 23 దగ్గరే పరీక్షించమంటుంది, మిగతావాళ్లకు 25.

ప్రాణం మీదికొస్తే ఎమర్జెన్సీకి వెళ్లడానికి ఎవరూ భయపడక్కర్లేదు. 1986 నాటి కేంద్ర చట్టం ప్రకారం డబ్బున్నా లేకున్నా, కాగితాలున్నా లేకున్నా పరీక్షించి, పరిస్థితి నిలకడయ్యేదాకా చికిత్స చేయాల్సిందే. కాకపోతే అది ఉచితం కాదు, బిల్లు తర్వాత ఇంటికొస్తుంది. కిడ్నీలు పోయినవాళ్లకు వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయమని కూడా ఆ చట్టం చెప్పదు. ఊపిరాడని స్థితికి వచ్చాకే ఎమర్జెన్సీలో డయాలిసిస్ దొరికే రోగులు టెక్సాస్‌లో ఉన్నారు. 2024 నవంబర్ నుంచి అబ్బాట్ ఉత్తర్వు మేరకు ఆసుపత్రుల్లో పౌరసత్వం, వలస హోదా అడుగుతున్నారు. సమాధానం చెప్పకపోయినా చికిత్స ఆపకూడదని ఆ ఉత్తర్వు నిబంధనల్లోనే ఉంది. ఈ రెండో ముక్క తెలియక ఇంట్లోనే ఓర్చుకునేవాళ్లుంటే, నష్టం ఆ ప్రశ్న కంటే పెద్దది.

బిల్లు వచ్చాక కూడా దారులున్నాయి. లాభాపేక్ష లేని ఆసుపత్రులన్నిటికీ ఆర్థిక సాయం విధానం ఉండాలని కేంద్ర చట్టం చెబుతుంది. ఫారం అడిగి తీసుకోవాలి, వాళ్లంతట వాళ్లు ఇవ్వకపోవచ్చు. హ్యారిస్, డల్లాస్ కౌంటీల్లో నివసించేవాళ్లు అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల సాయానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వలస హోదా కారణంగా మెడికెయిడ్ రాని గర్భిణులకు చిప్ పెరినేటల్ అనే పథకం ఉంది. హ్యూస్టన్‌లో ఇబ్న్ సీనా ఫౌండేషన్ క్లినిక్‌లు మతంతో పనిలేకుండా తక్కువ ఫీజుకు చూస్తాయి. మసీదుల ఆధ్వర్యంలో నడిచే చిన్న క్లినిక్‌లు మరికొన్ని నగరాల్లో ఉన్నాయి. ఓపీ, మందులు, షుగర్ పరీక్ష వరకు వీటితో నెట్టుకురావచ్చు. బైపాస్ ఆపరేషన్‌కు జకాత్ నిధి చాలదు.

టెక్సాస్ శాసనసభ మళ్లీ కూర్చునేది 2027 జనవరిలో. తాత్కాలిక వీసాల వాళ్లకు సబ్సిడీ ఆగిపోయేదీ ఆ నెలలోనే. మెడికెయిడ్ విస్తరణ బిల్లు గత సమావేశాలన్నిటిలోనూ ఎవరో ఒకరు పెడుతూనే వచ్చారు, ఒక్కసారీ గట్టెక్కలేదు. పౌరసత్వం వచ్చి ఓటు నమోదైన తెలుగు కుటుంబాలు డల్లాస్, హ్యూస్టన్ శివారు నియోజకవర్గాల్లో ఇప్పుడు బాగానే ఉన్నాయి. తలుపు తట్టే అభ్యర్థిని వీసాల గురించి, స్కూళ్ల గురించి అడుగుతున్నారు. మెడికెయిడ్ గురించి అడిగేవాళ్లు తక్కువ.